పాత రౌటర్: ఉంచుకోవాలా, పని మార్చాలా, తీసేయాలా?

పగలంతా బానే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి టీవీ, నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఒకేసారి ఎక్కేసరికి వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం పడుతుంది. స్విచ్ ఆపి వేస్తే గంటసేపు ఊపిరి పోసుకుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే. ఏడెనిమిదేళ్ల కిందటి రౌటర్ ఉన్న ఇళ్లలో ఇది మామూలే. దీనికి ఒకరు సెట్టింగులు మార్చమంటారు, ఒకరు కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేయమంటారు, ఇంకొకరు పారేసి కొత్తది కొనుక్కోమంటారు. మూడూ సరైన సలహాలే, కాకపోతే మూడు వేర్వేరు జబ్బులకు.

ఇక్కడ ఉదాహరణగా టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్‌ని తీసుకుందాం. మన దగ్గర చాలా ఇళ్లలో ఇది, దీని బంధువులైన 740ఎన్, 940ఎన్, లేదంటే డీ-లింక్ డీఐఆర్-615 కనిపిస్తాయి. మోడల్ వేరైనా లెక్క దాదాపు ఇదే.

## ముందు జబ్బేదో తేల్చుకోండి

రౌటర్ పేజీలో (841ఎన్‌కి బ్రౌజర్‌లో 192.168.0.1 కొడితే తెరుచుకుంటుంది) స్టేటస్ అడుగున సిస్టమ్ అప్‌టైమ్, అంటే రౌటర్ లేచి ఎంతసేపైందో ఉంటుంది. నెట్ పోయి వచ్చిన వెంటనే దాన్ని చూడండి. మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు అని చూపిస్తే రౌటర్ తనంతట తానే ఆగి లేచింది. అప్పుడు మొదటి అనుమానం అడాప్టర్ మీద, రెండోది ఫర్మ్‌వేర్ కుప్పకూలడం మీద. రోజుల లెక్క చూపిస్తుంటే రౌటర్ ఆగలేదు, లోపలే ఏదో ఇరుక్కుంది, లేదంటే గాలిలో సిగ్నల్ చెడింది.

ఆ రెండింటిలో ఏదో తేలాలంటే ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి రెండు విండోలు తెరవండి. ఒకదానిలో రౌటర్‌కి, రెండోదానిలో 8.8.8.8కి (బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ అడ్రసు) ఆగకుండా పింగ్ నడవనివ్వండి, అవతలి నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో అది చూపిస్తుంది. తర్వాత ఇదే పని వైఫై మీద చేయండి. నెట్ సరిగ్గా ఏ గంటకు చెడుతుందో ఆ గంటకే చేయాలి. మధ్యాహ్నం పూట చేసిన పరీక్ష ఏమీ చెప్పదు.

కేబుల్ మీద రౌటర్ పింగ్ ఒక మిల్లీసెకను లోపే ఉండి, వైఫై మీద మాత్రం 5 నుంచి 400కి, అక్కడి నుంచి 900కి ఎగురుతుంటే గొడవ రేడియోది. రౌటర్‌కి పింగ్ పోతూ 8.8.8.8కి ఆగిపోతుంటే గొడవ లైనుదో, ఓఎన్‌టీదో (ఫైబర్ లైను వచ్చి కలిసే డబ్బా). ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే ఇంకేమీ తడమకుండా కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయండి. 8.8.8.8కి పోతున్నా సైట్లు తెరుచుకోకపోతే రౌటర్‌లో పేర్లకు అడ్రసులు వెతికే డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్ పడిపోయినట్టు.

మెమరీ జబ్బుకు ఓ విచిత్రమైన లక్షణం ఉంది. అప్పటికే నడుస్తున్న వాట్సాప్ కాల్ తెగదు, కొత్తగా మాత్రం ఏ పేజీ తెరుచుకోదు. రౌటర్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో వరుస రాసుకునే పట్టిక నిండిపోతే ఇలాగే ఉంటుంది. పాత వరుసలు బతికే ఉంటాయి, కొత్తవాటికి చోటుండదు. టొరెంట్ నడిచే ఇంట్లో ఇది తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే ఒక్క టొరెంట్ ప్రోగ్రామే వందల కొద్దీ కనెక్షన్లు తెరుస్తుంది.

## 4/32 అంటే ఎంత?

రౌటర్ల వాళ్లు రెండు అంకెలు చెప్పుకుంటారు, ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ దాచుకునే చోటు) ఎంత, ర్యామ్ (నడుస్తున్నప్పుడు వాడుకునే చోటు) ఎంత అని. 841ఎన్ వెర్షన్ 9లో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. అంటే మీ ఫోన్‌తో తీసిన ఒక ఫొటో ఆ ఫ్లాష్‌లో పడితే గొప్ప. ర్యామ్‌లో కెర్నల్ (మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపేది) తన వాటా తీసుకున్నాక మిగతావాటికి 27, 28 ఎంబీ మిగులుతుంది. వైఫై డ్రైవర్, పాస్‌వర్డ్ చూసే ప్రోగ్రామ్, ఐపీలు పంచే ప్రోగ్రామ్, వెబ్ పేజీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇలాంటి రౌటర్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మామూలుగా పెట్టుకునే 16,384 కనెక్షన్ల పట్టిక నిండా నిండితే, వరుసకు 300 బైట్ల లెక్కన అదొక్కటే దాదాపు 5 ఎంబీ తింటుంది.

ర్యామ్ నిండా అయిపోతే కెర్నల్ ఎవరో ఒకరిని బలిస్తుంది. లాగ్‌లో "ఔట్ ఆఫ్ మెమరీ, కిల్ ప్రాసెస్" అన్న వరుస పడుతుంది, ఎవరు బలయ్యారో కూడా అందులోనే ఉంటుంది. హోస్ట్‌ఏపీడీ (పాస్‌వర్డ్ చూసే ప్రోగ్రామ్) పేరుంటే వైఫై పేరే లిస్టులోంచి మాయమవుతుంది. డీఎన్‌ఎస్‌మాస్క్ (ఐపీలు పంచే ప్రోగ్రామ్) పేరుంటే వైఫై కనబడుతుంది, కనెక్ట్ కూడా అవుతుంది, కానీ ఐపీ రాదు. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ఇంత వివరంగా లాగ్ చూపించరు కాబట్టి లక్షణాలను బట్టే పోల్చుకోవాలి.

రౌటర్ వెనక స్టిక్కర్ మీద వెర్షన్ చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. అదే 841ఎన్ పేరుతో వెర్షన్ 13లో 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ వచ్చాయి. వెర్షన్ 14కి మళ్లీ 4/32కే దిగజారింది. చిప్ కూడా మారింది. కొత్త వెర్షన్ అంటే మెరుగైనదని అనుకోడానికి వీల్లేదు, పైగా ఒక వెర్షన్ ఫర్మ్‌వేర్ ఇంకో దానిలో వేస్తే అది లేవకుండా ఇటుకలా పడి ఉంటుంది.

## నాలుగు దారులు పక్కపక్కన

| దారి | ఖర్చు | పట్టే సమయం | బాగుచేసేది | చేయలేనిది |
|---|---|---|---|---|
| ఉన్నదాన్నే సర్దడం | అడాప్టర్ మారిస్తే రెండు మూడు వందలు | ఒక గంట | రేడియో గొడవ, అడాప్టర్, కొంతవరకు మెమరీ | స్పీడు, భద్రత |
| ఆక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చే పెట్టెగా) మార్చడం | కేబుల్ ధర | అరగంట | మెమరీ గొడవ దాదాపు మొత్తం | పోర్టుల 100 ఎంబీపీఎస్ పరిమితి |
| ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేయడం | డబ్బు లేదు | ఒక పూట, తేడా వస్తే రెండు | 16/128 ఉన్నవాటికి భద్రత, అదుపు | 4/32లో ఏదీ కాదు |
| కొత్తది కొనడం | రెండు నుంచి మూడు వేలు | ఒక గంట | దాదాపు అన్నీ | లైను గొడవ |

### ఉన్నదాన్నే సర్దడం

మొదట అడాప్టర్. 841ఎన్‌ది 9 వోల్టులు, 0.6 ఆంపియర్లు. ఏళ్లపాటు వేడిలో నడిచి లోపలి కెపాసిటర్లు ఎండిపోతే లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ కుంగుతుంది. రేడియో గట్టిగా పనిచేసే రాత్రివేళే కుంగుతుంది కాబట్టి అందరూ వైఫైనే తిడతారు. మల్టీమీటర్ పెడితే ఖాళీ పిన్ను మీద 9 వోల్టులు చక్కగానే చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే పోలారిటీ ఉన్న ఇంకో అడాప్టర్‌తో ఓ రెండు రోజులు నడిపి చూడటమే అసలు పరీక్ష. పిన్ను పడుతోంది కదా అని పక్కనున్న ఓఎన్‌టీది 12 వోల్టుల అడాప్టర్ గుచ్చడం మాత్రం వద్దు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త సందులో రౌటర్ రీబూట్ అవుతుంటే దానికి మందు మినీ యూపీఎస్. కొనేటప్పుడు అందులో 9 వోల్టుల అవుట్‌పుట్ ఉందో లేదో చూసుకోండి, చాలావాటిలో 12 వోల్టులదే ఉంటుంది.

తర్వాత రేడియో. ఈ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ లేదు, ఉన్నదంతా 2.4. అపార్ట్‌మెంట్‌లో అయితే చుట్టూ ఇరవై ఇళ్ల వైఫైలూ అక్కడే కొట్టుకుంటుంటాయి. ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ పెట్టి 1, 6, 11లలో ఖాళీగా ఉన్న ఛానల్ ఎంచుకోండి. 3, 4 ఖాళీగా కనబడ్డా అటు పోవద్దు, అక్కడ రెండువైపుల గోలా వినాల్సి వస్తుంది. ఛానల్ విడ్త్ ఆటోలో వదలకుండా 20కి పెట్టండి. ఫోన్‌లో చూపించే లింక్ వేగం 300 నుంచి 144కి పడుతుంది, కంగారు పడకండి, తెగిపోవడం తగ్గుతుంది.

సెక్యూరిటీ పేజీలో డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఉండాలి. టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే ఈ రౌటర్ 11ఎన్ వేగం ఆగిపోయి 54 ఎంబీపీఎస్ దగ్గరే నిలబడుతుంది. చాలా ఇళ్లలో "వైఫై స్లో" అనే ఫిర్యాదు మూలం ఈ ఒక్క సెట్టింగులోనే ఉంటుంది. పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

రౌటర్‌ని టీవీ వెనక నుంచి, షోకేసు అద్దాల లోంచి బయటికి తీయండి. ఓఎన్‌టీ మీద పెట్టి ఉంటే దించండి, ఆ డబ్బా వేడి దీన్ని వేయిస్తుంటుంది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పక్కనుంటే జరపండి, దాని కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తుంది.

మెమరీకి కంపెనీ ఫర్మ్‌వేర్‌లో చేయగలిగేది కొంచెమే. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్, ట్రాఫిక్ లెక్కలు, పేరెంటల్ కంట్రోల్, వాడని గెస్ట్ నెట్‌వర్క్ ఆపేయాలి. టొరెంట్ ప్రోగ్రామ్‌లో మొత్తం కనెక్షన్లను 150కి కట్టేయాలి. తెల్లవారుజామున రోజూ ఓసారి రీబూట్ చేయిస్తే మంచిదే, గీజర్లకు వాడే గడియారం ప్లగ్ ఒకటి చాలు. యాప్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్ పెట్టి దాంతో రౌటర్ ఆపితే, మళ్లీ వేయమని దానికి చెప్పడానికి వైఫై ఉండదు!

### పని మార్చడం

4/32 రౌటర్‌కి మెమరీ గొడవ ఉందని తేలితే మొదటి ఎంపిక ఇదే. రౌటర్‌లో బరువైన పని వైఫై కాదు, రౌటింగ్. కనెక్షన్ల పట్టిక, ఐపీలు పంచడం, పేర్లు వెతకడం, లాగిన్ అన్నీ ఓఎన్‌టీకి వదిలేస్తే 32 ఎంబీ హాయిగా సరిపోతుంది. ఫైబర్ కనెక్షన్ ఇచ్చేటప్పుడు పెట్టే ఓఎన్‌టీలు చాలావరకు రౌటింగ్ కూడా చేయగలవు. అది రౌటింగ్ చేస్తుండగా దాని వెనక మన రౌటర్ కూడా రౌటింగ్ చేస్తుంటే ఒకే పని రెండుసార్లు జరుగుతున్నట్టే.

ఓఎన్‌టీ బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటింగ్ చేయకుండా లైనును దాటించే పద్ధతిలో) ఉండి, పీపీపీఓఈ (నెట్ కంపెనీ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మన రౌటర్‌లో ఉంటే మాత్రం ముందు ఆ లాగిన్ ఓఎన్‌టీలోకి మార్చమని సర్వీస్ వాళ్లను అడగాలి.

కొత్త ఫర్మ్‌వేర్లలో ఆక్సెస్ పాయింట్ మోడ్ నేరుగా ఉంటుంది. పాతవాటిలో చేత్తో చేయాలి. వరుస తప్పితే పేజీలోకి మళ్లీ వెళ్లలేరు, అందుకని ఇలా చేయండి:

1. కంప్యూటర్‌ని పసుపు రంగు ల్యాన్ పోర్టుకు కేబుల్‌తో కలపండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, ఛానల్ ముందే సరిచేసి సేవ్ చేయండి.
2. డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) పేజీలో డిజేబుల్ పెట్టండి. రీబూట్ అడిగితే ఇప్పుడే వద్దు.
3. ల్యాన్ పేజీలో ఐపీ మార్చండి. ఓఎన్‌టీది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 లాంటిది ఇవ్వండి. ఓఎన్‌టీ పంచే ఐపీల వరుసలో ఆ అంకె ఉండకూడదు.
4. రీబూట్ అయ్యాక ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు నుంచి వచ్చే కేబుల్‌ని దీని పసుపు పోర్టుల్లో ఒకదానికి పెట్టండి. నీలం పోర్టు ఖాళీగానే ఉండాలి.

ఇందులో జరిగే తప్పులు మూడు. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నింటికి "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని వస్తుంది. ఏ ఫోన్‌కి ఏది వస్తుందో రోజుకో రకంగా మారుతుంటుంది కూడా. ఐపీ ఓఎన్‌టీ వరుసలో పడితే ఎప్పుడో ఓసారి ఇంకో ఫోన్‌తో ఢీకొంటుంది. ఇక "రెండు కేబుళ్లయితే స్పీడు" అని ఓఎన్‌టీ నుంచి రెండు కేబుళ్లు తెచ్చి రెండు పసుపు పోర్టులకు పెడితే లూప్ పడి, అదే డేటా గుండ్రంగా తిరుగుతూ, ఇల్లంతా ఆగిపోతుంది.

లోటు కూడా ఉంది. దీని పోర్టులు 10/100వి, కాబట్టి కేబుల్ మీదే 94, 95 ఎంబీపీఎస్ దాటదు. వైఫై 20 విడ్త్‌లో అంతకంటే కాస్త తక్కువే ఇస్తుంది. మీది 50 లేదా 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే ఆ తేడా పట్టదు. 200, 300 ప్లాన్‌కి డబ్బు కడుతూ దీని వెనక కూర్చుంటే సగం డబ్బు వృథా.

### ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ

మంచి సాఫ్ట్‌వేర్. కానీ 4/32 వాళ్లకు దీన్ని సూచించడం ఈ రోజుల్లో మేలు చేయడం కాదు. అలాంటి రౌటర్లకు అధికారికంగా బిల్డ్ వచ్చిన చివరి వెర్షన్ 19.07, దానికి అప్‌డేట్లు 2022లోనే ఆగిపోయాయి. భద్రత కోసం ఫర్మ్‌వేర్ మార్చి, భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫర్మ్‌వేర్ వేసుకోవడంలో అర్థం లేదు. వెబ్ పేజీతో కలిపి వేస్తే ర్యామ్‌లో నాలుగైదు ఎంబీ మిగిలితే గొప్ప. ప్యాకేజీల జాబితా దించుకునే తాత్కాలిక ఫోల్డర్ కూడా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆ జాబితా దిగేలోపే కొన్నిసార్లు ఊపిరి ఆగుతుంది. ర్యామ్‌ని కుదించి వాడే జీర్యామ్ ఉపాయం ఉంది, కానీ దాన్ని పెట్టడానికి 4 ఎంబీ ఫ్లాష్‌లో చోటు దొరకడం కష్టం.

ఇమేజ్ బిల్డర్ అనే పనిముట్టుతో వెబ్ పేజీ, ఐపీవీ6 తీసేసి చిన్న ఇమేజ్ (ఫర్మ్‌వేర్ ఫైలు) చేసుకునే ఓపిక ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. చోటు కోసం పీపీపీ ప్యాకేజీలు తీసేయమని కొన్ని సూచనల్లో ఉంటుంది. మీది పీపీపీఓఈ లాగిన్ అయితే అవి తీసిన మరుక్షణం నెట్ ఉండదు, దాన్ని తిరిగి దించుకోడానికి కూడా నెట్ ఉండదు.

8/64 రౌటర్లది మధ్యస్థం. సింగిల్ బ్యాండ్ అయితే నడుస్తుంది, అదనపు ప్యాకేజీల మీద ఆశ పెట్టుకోవద్దు. టీపీ-లింక్ ఆర్చర్ సీ20, సీ50 లాంటి డ్యుయల్ బ్యాండ్ వాటిలో రెండు రేడియోలూ ఆ 64 ఎంబీనే పంచుకుంటాయి, అందుకే అవి ముందే ఆయాసపడతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లు ఇప్పుడు సిఫారసు చేసేది 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. ఆర్చర్ సీ7 వెర్షన్ 2 లాంటి పాతదాంట్లోనూ అంత ఉంది. అలాంటిది చేతిలో ఉంటే మాత్రం తీసేయకండి, దానికి ఈ దారే సరైనది.

వేయబోయే ముందు కంపెనీ ఫర్మ్‌వేర్ ఫైలు ఒకటి దింపి పక్కన పెట్టుకోండి. పాడైతే టీఎఫ్‌టీపీ (కేబుల్ మీద రౌటర్‌కి ఫైలు అందించే పద్ధతి)తో వెనక్కి తేవచ్చు. 841ఎన్ వెర్షన్ 9లో కంప్యూటర్ ఐపీ 192.168.0.66 అని పెట్టి, రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ వేస్తే రౌటర్ ఆ కంప్యూటర్‌ని ఫైలు అడుగుతుంది. వెర్షన్ 14కి ఆ ఐపీ 192.168.0.225. ఫైలు పేరు కూడా వెర్షన్‌ని బట్టి మారుతుంది. వైఫై మీద ఉండి ఫ్లాష్ చేయొద్దు, కరెంటు పోయే వేళ అసలు చేయొద్దు.

### కొత్తది కొనడం

కొత్తదానికి అసలు కారణం స్పీడు కన్నా భద్రత. 841ఎన్, 940ఎన్, 740ఎన్‌లలో కొన్ని పాత వెర్షన్లలోని ఒక లోపాన్ని, నేరగాళ్లు వాడుతున్న లోపాల జాబితాలో 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా చేర్చింది. రౌటర్‌గా ఇంటర్నెట్‌కి ముందు నిలబడే పెట్టె ఇలాంటిదైతే మార్చేయాల్సిందే. లోపల ఆక్సెస్ పాయింట్‌గా ఉంటే బయటి నుంచి నేరుగా చేరుకోలేరు కాబట్టి ప్రమాదం తగ్గుతుంది, పోదు.

డబ్బా మీద ఏసీ1200 అని ఉంటే అది రెండు బ్యాండ్ల అంకెలు కూడిన మొత్తం, 300కి 867 కలిపి పైకి సర్దింది. అదే ఏసీ1200 పేరుతో ఆర్చర్ సీ50లో పోర్టులు 100వే, సీ6లో గిగాబిట్. మీ ప్లాన్ వంద దాటితే "గిగాబిట్ పోర్టులు" అనే మాట వెతకండి, యాంటెన్నాలు ఎన్నో లెక్కపెట్టకండి. ర్యామ్ సంగతి డబ్బా మీద రాయరు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసే ఉద్దేశం ఉంటే వాళ్ల హార్డ్‌వేర్ పట్టికలో మోడల్, వెర్షన్ రెండూ చూశాకే డబ్బు కట్టండి.

కొనేముందు ఒక్క ప్రశ్న: ఓఎన్‌టీలో ఇప్పటికే డ్యుయల్ బ్యాండ్ వైఫై ఉందా? ఉండి, అది హాల్లోనే ఉంటే చిన్న ఫ్లాట్‌కి రౌటరే అక్కర్లేదు.

## మీది ఏ ఇల్లు?

ఇంటి నుంచి ఉద్యోగం, రోజంతా వీపీఎన్, మీటింగులు అయితే ఆలోచించకుండా కొత్తది. ఆఫీసు కంప్యూటర్‌కి మాత్రం అప్పుడు కూడా కేబులే వేయండి.

ఊళ్లో అమ్మానాన్నలుండి, మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే వాళ్ల రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వద్దు. అది మొరాయించిన రోజు ఫోన్‌లో "నాన్నా, ఆ నీలం కేబుల్..." అంటూ గంట గడుస్తుంది. వాళ్లకు కావాల్సింది ఓఎన్‌టీ వైఫై, ఒక మినీ యూపీఎస్. రెండో గదికి సిగ్నల్ అందకపోతే పాత రౌటర్ ఆక్సెస్ పాయింట్‌గా, ఓఎన్‌టీ పేరు, పాస్‌వర్డ్‌తోనే, వేరే ఛానల్‌లో.

పది పదిహేను మంది ఉండే బ్యాచిలర్ ఫ్లాట్‌లో 4/32ని ఏ వేషంలోనూ నమ్ముకోవద్దు, రేడియోకే అంత మంది ఎక్కువ. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు ఉన్న ఇంట్లో మాత్రం దానికి ఇంకో పని దొరుకుతుంది. అవి ఎక్కువగా 2.4 మీదే కలుస్తాయి, డేటా తీసేది కూడా చాలా తక్కువ. వాటికోసం ఓ వేరే పేరుతో దీన్ని ఉంచేసి, ఫోన్లనూ టీవీనీ కొత్తదానికి మార్చుకోవచ్చు.

పూర్తిగా తీసేస్తుంటే ఎవరికైనా ఇచ్చేముందు, ఈ-వేస్ట్‌లో వేసేముందు రీసెట్ బటన్‌ని పది సెకన్లకు పైగా, లైట్లన్నీ ఓసారి వెలిగేదాకా నొక్కి పట్టుకోండి. డబ్ల్యూపీఎస్, రీసెట్ ఒకే బటన్ కాబట్టి చటుక్కున వదిలేస్తే డబ్ల్యూపీఎస్ మొదలవుతుంది, మీ పీపీపీఓఈ యూజర్‌నేమ్, వైఫై పాస్‌వర్డ్ అందులోనే ఉండిపోతాయి.